అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొత్త రక్షణ ఆటగాళ్ళపై అభిమానుల అంచనాలు

అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి పోటీలలో మొదటి సంవత్సరం ఆడుతున్న క్రీడాకారుని రూకీ అంటారు. ప్రత్యర్థిని స్కోరు చేయనీయకుండా అడ్డుకొనే పక్షంలో ఆడే కొత్త ఆటగాడు రక్షణ రూకీ. ఈ ఆటలో అత్యున్నత స్థాయి పోటీలను నిర్వహించే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రతి ఏడాది కొత్త ఆటగాళ్ళ ఎంపిక జరిగిన నాటి నుండి అభిమానులు వారిపై ఆశలు పెంచుకుంటారు. సీజను ముగిసేలోగా వారిలో కొందరిని గొప్పవారిగా, కొందరిని పనికిరానివారిగా తేల్చివేస్తారు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. ఈ లీగ్ చరిత్రలో అలా మొదటి ఏడాదే పరిమళించిన రక్షణ ఆటగాళ్ళు ఉన్నారు. కానీ రెండు మూడేళ్ళు ఆగిన తరువాతనే తమ విలువ చూపినవారు కూడా తక్కువేమీ కాదు. రక్షణ ఆటగాని పనిలో ఎక్కువ భాగం లెక్కల పట్టికకు ఎక్కదు. అందువలన తొలి ఏడాది అంకెలను మాత్రమే చూసి చెప్పిన తీర్పులు తరచుగా తారుమారయ్యాయి. ఈ అంచనాలు ఎలా పుడతాయి, వాటిని దేనితో కొలుస్తారు, ఆ కొలత ఎక్కడ తప్పుతుంది అన్న విషయాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే హ్యూస్టన్, డల్లాస్, అట్లాంటా నగరాలలో ఈ లీగ్ జట్లు ఉన్నాయి. వీటిలో హ్యూస్టన్ జట్టు అనుభవాన్ని ఇక్కడ ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాము.

ఆట స్వరూపం

పేరులో ఫుట్‌బాల్ అని ఉన్నా ఈ ఆటలో బంతిని కాలితో తన్నడం తక్కువ. కోలగా ఉండే బంతిని చేతితో విసరడం, దానిని పట్టుకొని పరుగెత్తడం ఎక్కువ. మైదానంలో ఒక్కొక్క పక్షానికి 11 మంది ఉంటారు. బంతి ఎవరి ఆధీనంలో ఉంటే వారిది దాడి పక్షం, వారిని ఎదుర్కొనేది రక్షణ పక్షం. దాడి పక్షం నాలుగు ప్రయత్నాలలో కనీసం 10 గజాలు ముందుకు పోవాలి. పోగలిగితే మరల నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. పోలేకపోతే బంతి ఎదుటి పక్షానికి దక్కుతుంది. నేటి వృత్తి జట్లలో సాధారణంగా దాడికి కొందరు, రక్షణకు వేరే కొందరు ఆటగాళ్ళు ఉంటారు.

దాడి పక్షానికి నాయకుడు క్వార్టర్‌బ్యాక్. బంతిని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి విసరాలో నిర్ణయించేది ఇతడే. ప్రతి ప్రయత్నానికి ముందు దాడి పక్షంలోని 11 మందికీ ఏమి జరగబోతున్నదో తెలుసు. రక్షణ పక్షానికి తెలియదు. చెడుగుడు ఆటలో కూతకు వచ్చినవాడు ఎటు దూకాలో తాను ముందే నిశ్చయించుకొని వస్తాడు, పట్టు పట్టవలసినవారు మాత్రం అతని కదలికను చూసి ఆ క్షణంలో స్పందించాలి. అమెరికన్ ఫుట్‌బాల్ రక్షణ ఆటగాని స్థితి కూడా ఇటువంటిదే. ఎదుటివారి వరుసను చూసి వారి ఉద్దేశాన్ని పసిగట్టే నేర్పు అనుభవంతో మాత్రమే వస్తుంది. రూకీకి లేనిది ఆ అనుభవమే.

ఎంపిక విధానం - ఆశలకు మూలం

కళాశాల జట్లలో ఆడినవారిని వృత్తి జట్లు వంతులవారీగా ఎన్నుకొనే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. మొదటి డ్రాఫ్ట్ 1936లో ఫిలడెల్ఫియాలో జరిగింది. ముందటి సీజనులో అందరికంటే వెనుకబడిన జట్టుకు మొదటి ఎంపిక లభిస్తుంది. జట్ల మధ్య బలాబలాలు సమం కావాలన్నది దీని ఉద్దేశం. 1994 నుండి డ్రాఫ్ట్‌ను ఏడు రౌండ్లుగా నిర్వహిస్తున్నారు. లీగ్‌లో 32 జట్లు ఉన్నాయి.

అభిమానుల ఆశలకు బీజం ఈ పద్ధతిలోనే ఉంది. అందరికంటే ముందుగా ఎన్నుకొనే అవకాశం బాగా ఓడిపోయిన జట్టుకు వస్తుంది. అందుచేత మొదటి వరుసలో ఎంపికైన యువకుడు ఎక్కువగా బలహీనమైన జట్టులోకి, విసిగిపోయిన అభిమానుల మధ్యకు వస్తాడు. 11 మందిలో ఒకడైన అతని నుండి మొత్తం జట్టు తలరాత మారాలని వారు కోరుకుంటారు. ఒకరిని ఎన్నుకోవడం అంటే మరొకరిని వదులుకోవడం కూడా. కాబట్టి వదులుకున్నవాడు వేరొక జట్టులో రాణించిన ప్రతి ఆదివారం పోలిక తప్పదు. డ్రాఫ్ట్ నేడు ఒక పెద్ద ఉత్సవంగా మారింది. 2024లో డెట్రాయిట్‌లో మూడు రోజులపాటు జరిగిన కార్యక్రమానికి 7,75,000కు పైగా జనం హాజరయ్యారు.

డబ్బు మరొక కారణం. పాత పద్ధతిలో మొదటి ఎంపికలకు ఒక్క ఆట కూడా ఆడకమునుపే పెద్ద మొత్తాలు ముట్టేవి. 2010లో మొదటి ఎంపిక అయిన క్వార్టర్‌బ్యాక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఒప్పందంలో 5 కోట్ల డాలర్లకు పూచీ ఉంది. 2011లో ఆటగాళ్ళ సంఘానికి, యజమానులకు మధ్య కుదిరిన ఒడంబడిక రూకీల జీతాలకు పరిమితి విధించింది. ఆ ఏడాది మొదటి ఎంపిక అయిన కామ్ న్యూటన్ నాలుగేళ్ళ ఒప్పందం మొత్తం విలువ సుమారు 2.2 కోట్ల డాలర్లు మాత్రమే. జీతాలు తగ్గినంతగా ఆశలు తగ్గలేదు.

ఈ ఒడంబడికలో గమనించదగిన అంశం మరొకటి ఉంది. మొదటి రౌండులో ఎంపికైనవారికి నాలుగేళ్ళ ఒప్పందం ఉంటుంది. అయిదవ సంవత్సరం కూడా ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు నిర్ణయించుకోవచ్చు. ఆ నిర్ణయం తీసుకొనేది మూడవ సీజను ముగిసిన తరువాత. అనగా ఆటగాని విలువ తేల్చడానికి జట్లకు మూడేళ్ళ గడువు ఉన్నది. అభిమానులు ఇచ్చే గడువు సాధారణంగా ఒక్క సీజనే.

స్థానాన్ని బట్టి నేర్చుకొనే కాలం

రక్షణ పక్షంలోని పనులన్నీ ఒకటి కావు. కొత్తవాడు ఎంత త్వరగా కుదురుకుంటాడన్నది అతడు ఆడే స్థానంపై చాలావరకు ఆధారపడుతుంది.

ముందు వరుస ఆటగాళ్ళు: వీరు ఎదుటివారి ముందు వరుసను తోసుకొని క్వార్టర్‌బ్యాక్ మీదికి పోవాలి, లేదా బంతితో పరుగెత్తేవాని దారి మూసివేయాలి. చివరల నుండి దూసుకుపోయేవారికి సహజమైన వేగం బాగా ఉపకరిస్తుంది కాబట్టి వారు మొదటి ఏడాదే కంటికి కనబడవచ్చు. అయితే కళాశాలలో తమ ఈడువారితో తలపడినవారు ఇక్కడ పదేళ్ళ అనుభవం గల బలశాలులను ఎదుర్కోవాలి.

లైన్‌బ్యాకర్లు: వీరు రెండవ వరుసలో ఉంటారు. పరుగును ఆపడం, విసిరిన బంతిని అడ్డుకోవడం రెండూ వీరి బాధ్యతలే. రక్షణ పక్షానికి వ్యూహం చేరవేసేది కూడా తరచుగా వీరిలో ఒకరే. 2008 నుండి రక్షణ పక్షంలో ఒక ఆటగాని శిరస్త్రాణంలో శిక్షకుని మాట వినిపించే రేడియో అమర్చడానికి అనుమతి ఉన్నది. ఒక రూకీకి ఆ శిరస్త్రాణం అప్పగించారంటే అతని బుద్ధిబలంపై శిక్షకులకు గల నమ్మకం తెలుస్తుంది.

కార్నర్‌బ్యాక్‌లు: బంతి అందుకోవడానికి పరుగెత్తేవారి వెంట నీడవలె ఉండటం వీరి పని. 1978 నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం మొదటి అయిదు గజాలు దాటిన తరువాత ఎదుటివానిని చేతులతో అడ్డగించరాదు. కళాశాలలో చేతులతో నెట్టుకొస్తూ ఆడినవారు ఇక్కడ జరిమానాలకు గురవుతారు. అనుభవజ్ఞులైన క్వార్టర్‌బ్యాక్‌లు కొత్తవాడు ఏ వైపు ఉంటే ఆ వైపే పదేపదే బంతి విసురుతారు.

సేఫ్టీలు: వీరు చివరి కాపలాదారులు. ముందున్నవాడు పొరబడితే వెనుకనున్నవాడు సరిదిద్దుతాడు. సేఫ్టీ పొరబడితే వెనుక ఎవరూ ఉండరు. అందువలన కొందరు శిక్షకులు కొత్త సేఫ్టీలను కొంతకాలం పక్కన కూర్చోబెట్టి నేర్పుతారు. 2003లో పిట్స్‌బర్గ్ జట్టు 16వ ఎంపికగా తీసుకున్న ట్రాయ్ పొలమాలు తొలి ఏడాది ఒక్క ఆటలోనూ ప్రారంభ జట్టులో లేడు. 2010లో అతడే లీగ్‌లో ఉత్తమ రక్షణ ఆటగాడు. 2020లో క్రీడా కీర్తి మందిరంలో స్థానం పొందాడు.

శరీరానికి సంబంధించిన కారణం కూడా ఒకటి ఉంది. కళాశాల జట్లు సాధారణ సీజనులో 12 ఆటలు ఆడతాయి. వృత్తి జట్లు 2021 నుండి 17 ఆటలు ఆడుతున్నాయి. నవంబరు, డిసెంబరు మాసాలకు చాలామంది కొత్తవారు అలసిపోతారు. అభిమానుల పరిభాషలో దీనినే రూకీ గోడ అంటారు.

అభిమానులు వాడే కొలమానాలు

రక్షణ ఆటగాని ప్రతిభను తెలపడానికి ఎక్కువగా మూడు లెక్కలు వాడతారు.

ట్యాకిల్: బంతి పట్టుకున్నవానిని పడగొట్టడం. ఇది శ్రమకు గుర్తే గాని, ఎక్కడ పడగొట్టాడన్నది ముఖ్యం. ప్రత్యర్థి రెండు గజాలు పోగానే ఆపడం, పదిహేను గజాలు పోయిన తరువాత ఆపడం పట్టికలో ఒకే విధంగా నమోదవుతాయి. బలహీనమైన జట్టు ఎక్కువసేపు రక్షణలోనే ఉంటుంది కాబట్టి ఆ జట్టు లైన్‌బ్యాకర్లకు ట్యాకిల్‌లు కూడా ఎక్కువగా రావచ్చు.

శాక్: బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను వెనుకనే పడగొట్టడం. లీగ్ దీనిని 1982 నుండి అధికారికంగా లెక్కిస్తున్నది. ఇద్దరు కలిసి పడగొడితే ఒక్కొక్కరికి సగం చొప్పున పంచుతారు. 4.5, 9.5 వంటి అంకెలు అందువల్లనే వస్తాయి. ఒక ఆటగాడు పదిసార్లు క్వార్టర్‌బ్యాక్‌ను తొందరపెట్టి, బంతిని తప్పుగా విసిరేలా చేసి, ఒక్క శాక్ కూడా పొందకపోవచ్చు.

ఇంటర్‌సెప్షన్: ప్రత్యర్థి విసిరిన బంతిని రక్షణ ఆటగాడు మధ్యలో అందుకోవడం. ఈ లెక్క మరింత తికమక కలిగిస్తుంది. బంతి తన వైపు వస్తేనే కదా అందుకోగలిగేది. బాగా కాపలా కాసేవాని వైపు క్వార్టర్‌బ్యాక్‌లు బంతి విసరడమే మానుకుంటారు. కనుక తక్కువ అంకె ప్రతిభలేమికి గుర్తు కావచ్చు, ప్రత్యర్థి భయానికి గుర్తు కూడా కావచ్చు.

ఇటీవలి పురస్కారాలు ఈ పరిమితిని గుర్తించినట్లు కనిపిస్తాయి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1967 నుండి ప్రతి ఏడాది ఉత్తమ రక్షణ రూకీని ప్రకటిస్తున్నది. 2022లో ఈ పురస్కారం న్యూయార్క్ జెట్స్ కార్నర్‌బ్యాక్ సాస్ గార్డ్‌నర్‌కు దక్కింది. అతని ఇంటర్‌సెప్షన్లు రెండు మాత్రమే, కానీ 20 బంతులను అందకుండా చెదరగొట్టాడు. 2024లో లాస్ ఏంజిలస్ రామ్స్ ఆటగాడు జారెడ్ వెర్స్ 4.5 శాక్‌లతోనే ఈ పురస్కారం పొందాడు. క్వార్టర్‌బ్యాక్‌లను అతడు ఎంతగా వేధించాడో ఆ అంకె చెప్పలేదు, ఆట చూసినవారు చెప్పారు.

అంచనాలను ఆకాశానికెత్తిన తొలి ఏడాదులు

అభిమానులు ఊరకే ఆశ పెట్టుకోరు. వారి కళ్ళ ముందు గొప్ప ఉదాహరణలు ఉన్నాయి.

1952లో డిక్ లేన్ అనే యువకుడు ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎంపిక కాకుండానే లాస్ ఏంజిలస్ రామ్స్ జట్టులో చేరాడు. 12 ఆటల ఆ సీజనులో 14 ఇంటర్‌సెప్షన్లు సాధించాడు. తరువాత సీజను 14, 16, 17 ఆటలకు పెరిగినా ఆ రికార్డు చెదరలేదు. రూకీలే కాదు, మరెవరూ దానిని అందుకోలేదు.

1967లో డెట్రాయిట్ కార్నర్‌బ్యాక్ లెమ్ బార్నీ తన తొలి ఆటలోనే గ్రీన్ బే జట్టు ప్రఖ్యాత క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ విసిరిన బంతిని అందుకొని స్కోరు చేశాడు. ఆ సీజనులో 10 ఇంటర్‌సెప్షన్లు సాధించి ఉత్తమ రక్షణ రూకీ పురస్కారానికి మొదటి గ్రహీత అయ్యాడు.

1981లో న్యూయార్క్ జెయింట్స్ రెండవ ఎంపికగా తీసుకున్న లైన్‌బ్యాకర్ లారెన్స్ టేలర్ ఉత్తమ రక్షణ రూకీగాను, లీగ్ మొత్తంలో ఉత్తమ రక్షణ ఆటగాడుగాను ఒకే ఏడాది ఎంపికయ్యాడు. అంతకు ముందు ఏడాది 4 ఆటలే గెలిచిన జట్టు ఆ ఏడాది 9 గెలిచి, 1963 తరువాత మొదటిసారి ప్లేఆఫ్ పోటీలకు చేరింది. ఒక్క రక్షణ రూకీ జట్టును మార్చగలడన్న నమ్మకానికి ఈ ఉదాహరణ గట్టి ఆధారమైంది.

1999లో టెన్నెస్సీ జట్టులో జెవోన్ కర్స్ 14.5 శాక్‌లు సాధించాడు. శాక్‌ల అధికారిక లెక్క మొదలైన తరువాత రూకీలలో ఇదే అత్యధికం. ఆ జట్టు ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ పోటీ అయిన సూపర్ బౌల్ వరకు వెళ్ళింది. 2019లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు నిక్ బోసాను రెండవ ఎంపికగా తీసుకొని, ముందటి ఏడాది 4 విజయాల నుండి 13 విజయాలకు ఎదిగి సూపర్ బౌల్ చేరింది. అయితే ఆ జట్టు ఎదుగుదలకు బోసా ఒక్కడే కారణం కాదు. గాయం నుండి కోలుకొని తిరిగి వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌తో పాటు అనుభవజ్ఞులైన కొత్త సహచరులు కూడా ఉన్నారు. అభిమానుల జ్ఞాపకంలో మాత్రం ఇటువంటి వివరాలు త్వరగా మరుగున పడతాయి.

హ్యూస్టన్ జట్టు ఉదాహరణ

హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు 2002లో ఆడటం ప్రారంభించింది. నగరంలోని పాత జట్టు టెన్నెస్సీకి తరలిపోయిన కొన్నేళ్ళకు వచ్చిన ఈ కొత్త జట్టుపై అక్కడి ప్రజలకు మక్కువ ఎక్కువ. ఈ ఒక్క జట్టు చరిత్రలోనే రక్షణ రూకీలపై అంచనాల పలు రూపాలు కనిపిస్తాయి.

2006: ముందటి సీజనులో 16 ఆటలలో 2 మాత్రమే గెలిచిన జట్టుకు మొదటి ఎంపిక లభించింది. కళాశాల ఆటలో మెరిసిన రెజీ బుష్‌ను గాని, హ్యూస్టన్‌లోనే పెరిగిన క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్‌ను గాని తీసుకుంటారని అభిమానులు ఎదురుచూశారు. జట్టు మాత్రం మారియో విలియమ్స్ అనే రక్షణ ఆటగాణ్ణి ఎన్నుకొన్నది. నిరసన వెల్లువెత్తింది. విలియమ్స్ పాదం నొప్పితో బాధపడుతూనే ఆడి తొలి ఏడాది 4.5 శాక్‌లు సాధించాడు. టెన్నెస్సీ జట్టు తీసుకున్న యంగ్ ఉత్తమ దాడి రూకీ అయ్యాడు. పైగా ఆ డిసెంబరులో హ్యూస్టన్ మైదానంలోనే, అదనపు సమయంలో తానే 39 గజాలు పరుగెత్తి హ్యూస్టన్‌ను ఓడించాడు. విలియమ్స్ ఎంపిక చారిత్రక తప్పిదమని అప్పటికి చాలామంది తీర్మానించారు.

మరుసటి ఏడాది విలియమ్స్ 14 శాక్‌లు, ఆ పై ఏడాది 12 శాక్‌లు సాధించాడు. హ్యూస్టన్‌లో ఆడిన ఆరేళ్ళలో మొత్తం 53 శాక్‌లు. యంగ్ వృత్తి జీవితం 2011 సీజనుతోనే ముగిసింది. 2006లో చెప్పిన తీర్పును తరువాత ఎవరూ గట్టిగా సమర్థించలేకపోయారు.

అదే డ్రాఫ్ట్‌లో రెండవ రౌండు ఆరంభంలో, మొత్తం మీద 33వ ఎంపికగా, హ్యూస్టన్ డెమెకో రయన్స్ అనే లైన్‌బ్యాకర్‌ను తీసుకుంది. అతనిపై పెద్ద చర్చ జరగలేదు. అతడు 150కి పైగా ట్యాకిల్‌లతో ఆ ఏడాది ఉత్తమ రక్షణ రూకీ అయ్యాడు. ఒకే జట్టు, ఒకే ఏడాది, ఇద్దరు కొత్తవారు. ఆశ అంతా ఒకరి మీద ఉంటే ఫలం ముందుగా మరొకరి నుండి వచ్చింది.

2009: 15వ ఎంపిక అయిన లైన్‌బ్యాకర్ బ్రయన్ కుషింగ్ 5 శాక్‌లు, 4 ఇంటర్‌సెప్షన్లతో ఉత్తమ రక్షణ రూకీ అయ్యాడు. 2010లో నిషిద్ధ పదార్థాల నియమాన్ని ఉల్లంఘించినందుకు లీగ్ అతనిని నాలుగు ఆటలకు దూరంగా ఉంచింది. పురస్కారానికి మరల ఓటింగ్ జరిపారు. తగ్గిన ఓట్లతోనైనా తిరిగి అతడే గెలిచాడు.

2011: 11వ ఎంపికగా జె.జె. వాట్ పేరు ప్రకటించగానే హ్యూస్టన్‌లో గుమిగూడిన అభిమానులలో పలువురు నిరసన కేకలు వేశారు. కళాశాలలో మొదట బంతి అందుకొనే స్థానంలో ఆడి, తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరి రక్షణకు మారినవాడతడు. తొలి సీజనులో 5.5 శాక్‌లు సాధించాడు. 2012 జనవరిలో ప్లేఆఫ్ ఆటలో ప్రత్యర్థి విసిరిన బంతిని అతి సమీపం నుండి అందుకొని 29 గజాలు పరుగెత్తి స్కోరు చేశాడు. ఆ ఆటలో హ్యూస్టన్ సాధించినది జట్టు చరిత్రలో మొదటి ప్లేఆఫ్ విజయం. మరుసటి సీజనులో 20.5 శాక్‌లతో లీగ్‌లో ఉత్తమ రక్షణ ఆటగాడయ్యాడు. 2014, 2015లలో కూడా ఆ గౌరవం అతనికే దక్కింది.

2014: మొదటి ఎంపికగా వచ్చిన జడేవియన్ క్లౌనీపై కనీవినీ ఎరుగని ఆశలు ఉండేవి. తొలి ఆటలోనే మోకాలికి గాయమైంది. నాలుగు ఆటలు మాత్రమే ఆడి, ఒక్క శాక్ కూడా లేకుండా, డిసెంబరులో శస్త్రచికిత్స చేయించుకున్నాడు. అయినా 2016, 2017, 2018 సీజన్లకు ఉత్తమ ఆటగాళ్ళ సమూహమైన ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. విలియమ్స్, వాట్ నెలకొల్పిన స్థాయితో పోల్చినందువలన కొందరికి అది కూడా చాలలేదు.

2023: డెమెకో రయన్స్ ప్రధాన శిక్షకునిగా హ్యూస్టన్‌కు తిరిగి వచ్చాడు. జట్టు రెండవ ఎంపికగా క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్‌ను తీసుకుంది. వెంటనే మరుసటి ఏడాది మొదటి రౌండు ఎంపికతో సహా పలు ఎంపికలను అరిజోనా జట్టుకు ఇచ్చి, మూడవ ఎంపికగా విల్ ఆండర్సన్‌ను తీసుకుంది. అంత మూల్యం చెల్లించడం సబబేనా అన్న ప్రశ్న వచ్చింది. ఆండర్సన్ 7 శాక్‌లతో ఉత్తమ రక్షణ రూకీ అయ్యాడు. స్ట్రౌడ్ ఉత్తమ దాడి రూకీ అయ్యాడు. ముందటి ఏడాది 3 ఆటలే గెలిచిన జట్టు 10 గెలిచింది. పదిహేడేళ్ళ క్రితం తాను పొందిన పురస్కారాన్ని రయన్స్ తన శిష్యుడు అందుకోవడం చూశాడు.

ఈ ఆరుగురినీ కలిపి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన ఇద్దరి తొలి ఏడాది పేలవంగా గడిచింది. ఉత్తమ రూకీ పురస్కారాలు 33వ, 15వ, 3వ ఎంపికలకు దక్కాయి. అందరిలోకి గొప్పవాడైన వాట్‌కు ఆ పురస్కారం రానేలేదు, ఎంపిక నాడు లభించినది నిరసన.

తొలి ఏడాది చెప్పనివి

తొలి ఏడాది మెరుపు కూడా భవిష్యత్తుకు పూచీ కాదు. వాషింగ్టన్ జట్టు 2020లో రెండవ ఎంపికగా తీసుకున్న చేజ్ యంగ్ 7.5 శాక్‌లతో ఉత్తమ రక్షణ రూకీ అయ్యాడు. 2021 నవంబరులో మోకాలి గాయంతో అతని ఎదుగుదల ఆగిపోయింది. 2023 సీజను మధ్యలో ఆ జట్టు అతనిని శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చివేసింది. అదే 2020లో డెట్రాయిట్ మూడవ ఎంపిక అయిన కార్నర్‌బ్యాక్ జెఫ్ ఒకూడా గాయాలతో సతమతమయ్యాడు. 2021 సీజను తొలి ఆటలోనే మడమ నరం తెగింది. 2023లో ఒక అయిదవ రౌండు ఎంపికకు బదులుగా జట్టు మారాడు.

దీనికి భిన్నంగా, 2022లో జాక్సన్‌విల్ మొదటి ఎంపిక అయిన ట్రవోన్ వాకర్ తొలి ఏడాది 3.5 శాక్‌లే సాధించాడు. అతని తరువాత ఎంపికైన ఏడన్ హచిన్‌సన్ డెట్రాయిట్‌లో 9.5 సాధించడంతో విమర్శలు చెలరేగాయి. వాకర్ 2023లో 10, 2024లో 10.5 శాక్‌లు సాధించాడు. హచిన్‌సన్ మేటి ఆటగాడన్నది నిజమే. వాకర్ పనికిరానివాడన్నది మాత్రం నిజం కాలేదు.

ఎంతవరకు ఆశించడం సబబు

రూకీల నుండి ఏమీ ఆశించరాదని దీని అర్థం కాదు. ఏమి ఆశించాలి, దేనిని గమనించాలి అన్నదే ప్రశ్న. పై ఉదాహరణలను బట్టి కొన్ని సూచనలు చేయవచ్చు.

మొదటిది, స్థానాన్ని బట్టి అంచనా వేయాలి. లైన్‌బ్యాకర్ల ట్యాకిల్‌లు, చివరల నుండి దూసుకుపోయేవారి శాక్‌లు త్వరగా కనబడతాయి. కార్నర్‌బ్యాక్‌కు, సేఫ్టీకి మరికొంత వ్యవధి ఇవ్వాలి.

రెండవది, ఎంతసేపు మైదానంలో ఉంచుతున్నారో చూడాలి. కీలక సమయాలలో కూడా శిక్షకులు కొత్తవానిని బయటికి పిలవడం లేదంటే, పట్టికలో అంకెలు లేకపోయినా అతడు తన పని చేస్తున్నట్లే.

మూడవది, సెప్టెంబరు ఆటను డిసెంబరు ఆటతో పోల్చాలి. అదే మోసానికి మరల లోనవుతున్నాడా, లేదా అన్నది శాక్‌ల సంఖ్య కంటే మంచి గుర్తు.

నాలుగవది, ప్రత్యర్థుల ప్రవర్తనను గమనించాలి. ఒకనికి ఇద్దరిని అడ్డు పెడుతున్నారంటే, లేదా అతని వైపు బంతి విసరడం తగ్గించారంటే, అది ప్రత్యర్థి స్వయంగా ఇచ్చిన యోగ్యతాపత్రం.

అయిదవది, గాయాన్ని అసమర్థతగా భావించరాదు. క్లౌనీ తొలి ఏడాది అతని ఆటను గురించి ఏమీ చెప్పలేదు, అతని మోకాలిని గురించి మాత్రమే చెప్పింది.

రూకీలలో ఎక్కువమంది 21 నుండి 23 ఏళ్ళ వయసువారు. ఎంపిక నాటి కేకలు, తొలి ఏడాది ఎగతాళి వారి చెవిన పడకపోవు. చివరి రౌండ్లలో వచ్చినవారికి, అసలు ఎంపిక కాకుండానే చేరినవారికి రెండవ అవకాశం రాకపోవచ్చు. మొదటి రౌండులో వచ్చినవారికి లీగ్ నిబంధనలే మూడేళ్ళ వ్యవధి కల్పించాయి. 2006లో హ్యూస్టన్ జట్టు ఆ డిసెంబరు నాటి అభిమానుల తీర్పును శిరసావహించి ఉంటే, ఆ పై రెండేళ్ళలో మారియో విలియమ్స్ సాధించిన 26 శాక్‌లు మరొక జట్టు ఖాతాలో చేరి ఉండేవి.

ఇవి కూడా చూడండి

అమెరికన్ ఫుట్‌బాల్
నేషనల్ ఫుట్‌బాల్ లీగ్
సూపర్ బౌల్
హ్యూస్టన్
కబడ్డీ